ఆర్నెల్లు ఆగిన డీజిల్ బండి ఎందుకు మొరాయిస్తుంది: అనంతపురం ఎండల్లో నిల్వ లెక్క

బుడ్డల (వేరుశనగ) కోతలు అయిపోయి, మిషన్లు మూలకు చేరి, ట్రాక్టర్లు కొట్టం కిందికి వెళ్లే రోజుల్లో అనంతపురం జిల్లా ఊళ్లలో ఏటా అవే ప్రశ్నలు వినిపిస్తాయి. ట్యాంకు నిండా డీజిల్ పోసి పెట్టాలా, ఖాళీ చేయాలా? వారానికోసారి స్టార్ట్ చేయాలా, ముట్టకుండా వదిలేయాలా? రేడియేటర్‌లో నీళ్లు ఉంచాలా, తీసేయాలా? ఇప్పుడు వీటికి ఇంకో భయం తోడైంది. పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలపడం దేశమంతా వచ్చాక, డీజిల్‌లోనూ కలుపుతున్నారనీ, నిల్వ పెడితే ట్యాంకులో నీళ్లు తేలుతాయనీ గట్టిగానే చెప్పుకుంటున్నారు.

మెకానిక్కు ఒకటి చెప్తాడు, షోరూంలో ఇంకొకటి చెప్తారు, ఫోన్‌లో చూసే వీడియోలు మూడోది చెప్తాయి. ఆ వీడియోల్లో చాలావరకు మంచు కురిసే దేశాల్లో తీసినవి. వాళ్ల యంత్రం ఆగేది గడ్డకట్టే చలిలో. మన యంత్రం ఆగేది 42 డిగ్రీల ఎండలో, రేకుల కొట్టం కింద. అక్కడ ప్రాణం కాపాడే జాగ్రత్త ఇక్కడ అక్కరకు రాకపోవచ్చు, అక్కడ ఎవరూ పట్టించుకోనిది ఇక్కడ కొంప ముంచవచ్చు. ఆగి ఉన్న యంత్రం లోపల ఏం జరుగుతుందో తెలిస్తే ఏ సలహాకు ఎంత బరువివ్వాలో మనకే తెలుస్తుంది.

ముందు చూడాల్సింది యంత్రం ఏ కాలంలో ఆగుతుందన్నది

వర్షాధారం మీద బుడ్డలు వేసే రైతు ట్రాక్టర్‌కు దుక్కులు, విత్తనం పని మే నుంచి జూలై దాకా ఉంటుంది. అక్టోబర్, నవంబర్‌లో కాయ పీకడం, ఆ తర్వాత మిషన్ పట్టడం, తోలకాలు. డిసెంబర్ దాటితే చాలా బళ్లకు పెద్దగా పని ఉండదు. అంటే ఈ ట్రాక్టర్ ఆగేది పొడిగా, వేడిగా ఉండే నెలల్లో.

హంద్రీ-నీవా కాలువ పక్కనో, తుంగభద్ర ఎగువ కాలువ కిందో నీళ్లు తోడుకునే ఆయిల్ ఇంజన్ కథ వేరు. కాలువలో నీళ్లున్నప్పుడే దానికి పని. కాలువ ఎండితే మూలన పడి, మళ్లీ నీళ్లొచ్చేదాకా వేసవినీ, తొలకరి వానల్నీ రెండింటినీ చూస్తుంది. బోరు మోటారుకు 2004 నుంచి ఉచిత కరెంటు ఉంది కాబట్టి, బోరున్న రైతు ఇంట్లో పాత ఆయిల్ ఇంజన్ ఏళ్ల తరబడి కదలకుండా ఉండటం కూడా మామూలే. వరి కోత మిషన్‌కు ఏడాదిలో రెండు చిన్న సీజన్లు, రెండు పెద్ద ఖాళీలు.

ఈ తేడా చిన్నది కాదు. పొడి వేసవిలో ఆగే ట్రాక్టర్‌కు శత్రువులు వేడి, ఎండ, దుమ్ము, ఎలుకలు. అనంతపురంలో ఎక్కువ వాన పడేది సెప్టెంబర్ చుట్టూ, ఆ రోజుల్లో ఆగే యంత్రానికి శత్రువులు తేమ, తుప్పు. ఒకే ఊళ్లో ఉన్న రెండు యంత్రాలకు ఒకే సలహా కుదరకపోవడానికి కారణం ఇదే.

డీజిల్ నిజంగా చెడిపోతుందా

చెడిపోతుంది. అయితే పాలు విరిగినట్టు ఒక్క రోజులో కాదు. మామూలు నిల్వలో డీజిల్ 6 నుంచి 12 నెలల దాకా బాగుంటుందని చెప్తారు. చల్లగా, పొడిగా, మూత గట్టిగా ఉంటే అంతకు మించి కూడా ఉంటుంది. వేడి పెరిగేకొద్దీ ఆ గడువు 12 నెలల వైపు నుంచి 6 నెలల వైపుకు జారుతుంది.

చెడిపోవడం మూడు రకాలుగా జరుగుతుంది. మొదటిది గాలితో. గాలిలోని ఆక్సిజన్ డీజిల్‌లోని కొన్ని పదార్థాలతో కలిసి, మెల్లగా జిగురూ మడ్డీ తయారవుతాయి. రంగు ముదురుతుంది, వాసన ఘాటెక్కుతుంది. రసాయన చర్యల్లో ఒక మోటు లెక్క ఉంది: 10 డిగ్రీల వేడి పెరిగితే వేగం దాదాపు రెట్టింపవుతుంది. 25 డిగ్రీల దగ్గర ఏడాది పట్టే మార్పు, మధ్యాహ్నం రేకుల కింద కాగే ట్యాంకులో ఎంత తొందరగా వస్తుందో దీన్ని బట్టి ఊహించుకోవచ్చు. రాగి, ఇత్తడి, జింకు పూత ఉన్న రేకు ఈ మార్పును ఇంకా ఎగదోస్తాయి. జింకు పూత డబ్బాల్లో, బకెట్లలో డీజిల్ నిల్వ చేయకూడదని అనడానికి కారణం అదే.

రెండోది నీళ్లతో. డీజిల్ నీళ్లకన్నా తేలిక, లీటరు బరువు సుమారు 820 నుంచి 845 గ్రాములు. కాబట్టి ట్యాంకులోకి చేరిన నీళ్లు అడుగుకు దిగి, అక్కడే ఉండిపోయి ట్యాంకు అడుగును తుప్పు పట్టిస్తాయి. స్టార్ట్ చేసిన రోజు పంపులోకి మొదట వెళ్లేది కూడా ఆ అడుగు నీళ్లే.

మూడోది సూక్ష్మజీవులతో. వినడానికి వింతగా ఉంటుంది గానీ, డీజిల్ తిని బతికే బూజులూ బాక్టీరియాలూ ఉన్నాయి. అవి డీజిల్‌కూ దాని అడుగున ఉన్న నీళ్లకూ మధ్య పొరలో పెరుగుతాయి. నీళ్లు లేకపోతే అవి బతకవు, గోరువెచ్చదనం ఉంటే బాగా పెరుగుతాయి. ఫిల్టర్ విప్పితే నల్లగా, బంకగా, వేలికి జారుతూ తగిలే పదార్థం చాలాసార్లు వాటిదే. దాన్ని చూసి డీజిల్ కల్తీదనుకుని బంకుతో గొడవకు వెళ్లేవాళ్లున్నారు. కల్తీ కావచ్చు కూడా. కానీ ఆరు నెలలు అడుగున నీళ్లతో నిల్వ ఉన్న ట్యాంకులో అది దానంతటదే పుట్టి ఉండే అవకాశం ఎక్కువ.

పరీక్ష చాలా సులువు. ట్యాంకు అడుగు ప్లగ్గు నుంచో, ఫిల్టర్ గిన్నె నుంచో కొంచెం డీజిల్‌ను తెల్లని గాజు సీసాలో పట్టి, రాత్రంతా కదపకుండా ఉంచుతారు. పొద్దున వెలుతురుకు ఎత్తి చూస్తే, మంచి డీజిల్ అవతలి అక్షరాలు కనిపించేంత తేటగా ఉంటుంది. అడుగున వేరే పొర కడితే అది నీళ్లు. రెండు పొరల మధ్య సన్నని నల్లని దారాల్లాంటివి, పీచులాంటివి తేలుతుంటే సూక్ష్మజీవులు పెరిగినట్టు. తేటగానే ఉండి రంగు మాత్రం కాస్త ముదిరితే, కొత్త డీజిల్‌లో కలిపి పనిచేసుకోవచ్చని చాలామంది మెకానిక్కులు అంటారు, అది సమంజసమైన మాటే. మడ్డి దిగినదాన్ని మాత్రం గుడ్డతో వడకట్టి వాడితే ఆదా అయ్యేది వందల్లో, పంపు, నాజిళ్ల పనికి పోయేది వేలల్లో.

ఇథనాల్ భయం సంగతి

మన బంకుల్లో అమ్మే డీజిల్‌లో ఇథనాల్ కలపడం లేదు. ఇథనాల్ డీజిల్‌తో సరిగా కలవదు, విడిపోతుంది. పెట్రోల్ గురించి విన్న భయాన్ని డీజిల్‌కు అంటించుకోనక్కర్లేదు.

డీజిల్‌లో కలిపేది బయోడీజిల్, అంటే నూనెల నుంచి, వాడేసిన వంటనూనె లాంటివాటి నుంచి చేసే ఇంధనం. 2018 జాతీయ జీవ ఇంధన విధానం 2030 నాటికి డీజిల్‌లో 5 శాతం బయోడీజిల్ కలపాలని లక్ష్యం పెట్టుకుంది. ఇప్పటిదాకా కలుస్తున్నది అందులో చాలా తక్కువ. అయితే బయోడీజిల్ మామూలు డీజిల్‌కన్నా నీళ్లను ఎక్కువ పట్టుకుంటుంది, గాలికి తొందరగా మారుతుంది. ఆ పాలు పెరిగేకొద్దీ నిల్వ గడువు తగ్గుతుంది.

ఇంకో మార్పు ఎక్కువమంది గమనించలేదు. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా బీఎస్-6 డీజిల్, అంటే పొగ తగ్గించే కొత్త ప్రమాణం ప్రకారం చేసిన డీజిల్ వచ్చింది. దాంట్లో గంధకం పది లక్షల పాళ్లలో 10 పాళ్లకు మించకూడదు. అంతకు ముందు బీఎస్-4లో 50 దాకా ఉండేది. గంధకం తీసేసే శుద్ధిలో డీజిల్‌కు సహజంగా ఉండే జారుడు గుణం, గాలిని తట్టుకునే కొన్ని పదార్థాలు కూడా పోతాయి. వాటి బదులు రిఫైనరీలో వేరే మందులు కలుపుతారు. అందుకే పాత డీజిల్‌ను రెండేళ్లు డ్రమ్ములో పెట్టినా ఏమీ కాలేదన్న పెద్దవాళ్ల మాట అబద్ధం కాదు, అది అప్పటి డీజిల్ గురించిన మాట. కొత్త డీజిల్ నాసిరకమని దీని అర్థం కాదు. పొగ, ఆరోగ్యం లెక్కలో అది ఎంతో మేలు. పాత అనుభవంతో కొత్త డీజిల్ గడువును కొలవలేం, అంతే.

ట్యాంకు నిండుగానా, ఖాళీగానా: చుక్కల లెక్క

"ట్యాంకు నిండుగా పెట్టప్పా, లోపల గాలి ఉంటే చెమట పట్టి నీళ్లవుతాయి" అన్నది పాత మెకానిక్కుల మాట. "నిండుగా పెట్టి ఆరునెలల తర్వాత చెడిన డీజిల్‌ను ఏం చేసుకోను, పైగా రాత్రికి రాత్రి పైపేసి లాగేస్తే?" అన్నది రైతు మాట. రెండింటిలోనూ నిజముంది. ఏది ఎంత నిజమో లెక్క వేసి చూద్దాం.

60 లీటర్ల ట్యాంకులో 10 లీటర్ల డీజిల్ ఉందనుకోండి. మిగతా 50 లీటర్లు గాలి. పగటికీ రాత్రికీ 15 డిగ్రీల తేడా ఉంటే, ఆ గాలి దాదాపు 5 శాతం వ్యాకోచించి, తిరిగి ముడుచుకుంటుంది. అంటే రోజుకు 2.5 లీటర్ల బయటి గాలి మూత సందుల్లోంచి లోపలికి వస్తుంది. 25 డిగ్రీల దగ్గర గాలి పట్టుకోగలిగినంత తేమ పట్టుకుని ఉందనుకున్నా, ఘనమీటరుకు సుమారు 23 గ్రాముల నీళ్లే. 2.5 లీటర్లకు లెక్కిస్తే 0.06 గ్రాము. అదంతా లోపలే చుక్కలై మిగిలిపోయిందనుకున్నా, నాలుగు నెలలకు 7 గ్రాములు. ఒకటిన్నర టీస్పూన్.

ఇది అన్నీ వ్యతిరేకంగా ఉన్నాయనుకుని వేసిన లెక్క. ఫిబ్రవరి, మార్చి నెలల్లో అనంతపురం గాలిలో అంత తేమ ఎక్కడిది? నిజంగా చేరే నీళ్లు ఇందులో చిన్న భాగమే. అంటే పొడి వేసవిలో ఆగే ట్రాక్టర్‌కు ట్యాంకు నింపడం వల్ల ఒరిగేది, చెప్పుకునేంత లేదు. వానల్లో ఆగే ఇంజన్‌కు కొంత మేలుంటుంది. ఒకటిన్నర స్పూన్ నీళ్లు కూడా సూక్ష్మజీవులకు సరిపోతాయి, ఇనుప ట్యాంకు లోపలి గోడ తుప్పుకూ చాలు. ప్లాస్టిక్ ట్యాంకుకు ఆ తుప్పు బాధ లేదు.

అటువైపు లెక్క కూడా చూడాలి. లీటరు వంద రూపాయలనుకుంటే 50 లీటర్లకు ఐదువేలు ఆరునెలలు కదలకుండా కూర్చుంటాయి. చిన్న రైతుకు అది విత్తనం పెట్టుబడిలో డబ్బు. నింపేవాళ్లు అంచు దాకా నింపడం ఇంకో ఇబ్బంది. డీజిల్ ఒక డిగ్రీకి సుమారు 0.083 శాతం పెరుగుతుంది. చల్లని పొద్దున 60 లీటర్లు నింపి, మధ్యాహ్నానికి 20 డిగ్రీలు వేడెక్కితే ఒక లీటరు పొంగి మూతలోంచి కారుతుంది. అందుకే నింపినా కాస్త ఖాళీ వదలాలంటారు.

నా అభిప్రాయం అడిగితే, మూడు నాలుగు నెలల వేసవి విరామానికి ట్యాంకులో ఎంత ఉందన్నది పెద్ద ప్రశ్నే కాదు. అడుగు నీళ్లు తీశామా, మూత వాషరు బాగుందా అన్నవే పెద్ద ప్రశ్నలు. ఏడాదీ రెండేళ్లూ కదలదని తెలిసిన ఆయిల్ ఇంజన్‌కు మాత్రం చిన్న ట్యాంకును పూర్తిగా వంచేసి, లోపల నూనె పూత ఉంచడమే మేలనిపిస్తుంది. అన్నాళ్లు ఏ డీజిల్‌నూ నమ్మలేం.

నీళ్లు ఎక్కువగా వచ్చే దారి డ్రమ్ము

చెమట చుక్కల గురించి ఇంత వాదించుకునే మనం, ఆరుబయట నిలబెట్టిన డ్రమ్మును పట్టించుకోం. డ్రమ్ము పైమూత చుట్టూ అంచు ఉంటుంది కాబట్టి వాన పడితే పళ్లెంలా నీళ్లు నిలుస్తాయి. పగలంతా కాగిన డ్రమ్ము సాయంత్రం వానకు ఒక్కసారి చల్లబడుతుంది, లోపలి గాలి ముడుచుకుంటుంది, బిరడా చుట్టూ నిలిచిన నీళ్లను లోపలికి పీల్చుకుంటుంది. బిరడా బిగుతుగా ఉన్నట్టే కనిపిస్తుంది, అయినా ఒక్క వానకే కప్పుడు నీళ్లు దిగవచ్చు. ట్యాంకు చెమట నాలుగు నెలల్లో తేలేనిది ఒక్క సాయంత్రంలో వచ్చేస్తుంది. డ్రమ్మును నీడలో, బిరడాలు పక్కలకు వచ్చేలా పడుకోబెట్టడమో, కాస్త వాలుగా నిలబెట్టడమో ఇందుకే.

వేడి గురించి ఒక హెచ్చరిక కూడా ఇక్కడే చెప్పాలి. డీజిల్ పెట్రోల్‌లా అంటుకోదన్న ధీమా మనకు చాలా ఉంది. భారతీయ ప్రమాణం ప్రకారం డీజిల్ ఆవిరి నిప్పు తగిలితే అంటుకునే ఉష్ణోగ్రత కనీసం 35 డిగ్రీలు ఉంటే చాలు. అమ్మే డీజిల్‌కు తరచూ అంతకన్నా ఎక్కువే ఉంటుంది గానీ, మే నెలలో రేకుల కొట్టం లోపల వేడి ఆ గీత దాటిపోతుంది. క్యాన్ల పక్కనే వెల్డింగ్ పెట్టడం, బీడీ కాల్చడం చలికాలంలో ఏమీ చేయలేదని వేసవిలోనూ చేయదనుకోవడం ప్రమాదం. లైసెన్సు సంగతి అడుగుతుంటారు: 1934 పెట్రోలియం చట్టం ప్రకారం డీజిల్ లాంటి బి తరగతి ఇంధనం ఒకచోట మొత్తం 2,500 లీటర్లకు మించకుండా, ఏ ఒక్క పాత్రా 1,000 లీటర్లు దాటకుండా ఉంటే నిల్వకు లైసెన్సు అక్కర్లేదు. రైతు దగ్గరుండే ఒకటి రెండు డ్రమ్ములు ఆ లోపే.

ఇంజన్ ఆయిల్ ఆపేముందు మార్చాలా, మళ్లీ లేపాక మార్చాలా

ఖర్చు చూసుకునే ప్రతి రైతూ అడిగే ప్రశ్న ఇది. ఊరికే నిలబడే ఇంజన్‌లో కొత్త ఆయిల్ పోసి ఏం లాభం, సీజన్ మొదట్లో మారుద్దాం అనిపించడం సహజం.

కానీ నల్లబడిన ఆయిల్ ఊరికే ఉండదు. డీజిల్ మండినప్పుడు పుట్టే మసి, ఆమ్లాలు, నీటి ఆవిరి కొంత పిస్టన్ రింగుల సందుల్లోంచి ఆయిల్‌లోకి దిగుతాయి. ఆ ఆమ్లాలను విరగ్గొట్టడానికి ఆయిల్‌లో క్షార గుణమున్న మందు కలిపి ఉంటుంది, సీజనంతా పనిచేసేసరికి అది కరిగిపోయి ఉంటుంది. ఇంజన్ తిరుగుతున్నప్పుడు ఆయిల్ పారుతూ ఉంటుంది కాబట్టి నష్టం తక్కువ. ఆగాక అదే ఆయిల్, అవే ఆమ్లాలు, బేరింగుల మీదా క్రాంక్ మీదా నెలల తరబడి కదలకుండా కూర్చుంటాయి. పనిచేసేటప్పుడు కన్నా ఆగినప్పుడు పాత ఆయిల్ చేసే హాని ఎక్కువ అనడానికి కారణం ఇదే. పని ముగిసిన రోజు ఇంజన్ వేడి మీదున్నప్పుడే పాత ఆయిల్ దించేస్తే మసి కూడా దాంతోపాటే దిగుతుంది. కొత్తది పోశాక కాసేపు నడిపితే ఆ శుభ్రమైన పూత లోపలంతా పాకుతుంది.

ఖర్చు వాదన కూడా పూర్తిగా తప్పు కాదు. సీజన్ మధ్యలోనే ఆయిల్ మార్చి, ఆ తర్వాత కొద్ది గంటలే నడిచిన బండికి ఈ తొందర లేదు. గంటల మీటరు ఏం చెప్తోందన్నదే లెక్క.

వారానికోసారి స్టార్ట్ చేయడం మంచిదేనా

అన్నిటికన్నా ఎక్కువమంది పాటించే సలహా ఇది. నా ఉద్దేశంలో ఎక్కువగా తప్పుగా పాటించేదీ ఇదే.

ఒక లీటరు డీజిల్ మండితే దాదాపు ఒక లీటరు నీళ్లు పుడతాయి. డీజిల్‌లోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీటి ఆవిరవుతుంది, అది సైలెన్సర్లోంచి కంటికి కనబడకుండా పోతుంది. ఇంజన్ బాగా వేడెక్కి ఉంటే బయటికే పోతుంది. చల్లని ఇంజన్‌లో కొంత ఆవిరి సైలెన్సర్‌లో, సిలిండర్ గోడల మీద, ఆయిల్‌లో నీళ్లుగా దిగిపోతుంది.

ఐడిల్‌లో గంటకు ఒక లీటరు తాగే ట్రాక్టర్‌ను వారానికోసారి పది నిమిషాలు నడిపారనుకుందాం. ప్రతిసారీ సుమారు 160 మిల్లీలీటర్ల నీటి ఆవిరి పుడుతుంది. 20 వారాలకు మూడు లీటర్ల పైచిలుకు. అందులో ఎక్కువ భాగం బయటికి పోయినా, లోపల మిగిలే కొంచెం కూడా ట్యాంకు చెమటకన్నా ఎన్నో రెట్లు. పది నిమిషాల ఐడిల్‌తో ఆయిల్ ఆ నీళ్లను తిరిగి ఆవిరి చేసేంత వేడెక్కదు. సరిగా మండని డీజిల్ మసి నాజిళ్ల కొనల్లో పేరుకోవడం దీనికి అదనం.

అలాగని స్టార్ట్ చేయమనేవాళ్ల మాటలో పస లేదనలేం. నడిపితే ఆయిల్ పూత మళ్లీ అన్నిచోట్లకూ చేరుతుంది, రబ్బరు సీళ్లు తడుస్తాయి, క్లచ్ ప్లేటు అంటుకుపోదు, ఎలుక కాపురం పెట్టి ఉంటే తొందరగా బయటపడుతుంది. ఇవన్నీ నిజమైన లాభాలే. తేడా వచ్చేది ఎలా నడుపుతామన్న దగ్గర. నెలకోసారి తీసి, గొర్రో ట్రాలీయో తగిలించి, ఉష్ణోగ్రత ముల్లు పచ్చ గీతలో నిలబడేదాకా, మొత్తం అరగంట ముప్పావు గంట పని చేయిస్తే లాభాలు దక్కుతాయి. కొట్టం కింద పది నిమిషాలు గుర్రుమనిపించి ఆపేయడం కన్నా అసలు ముట్టకపోవడమే నయం. చేతి హ్యాండిల్ ఉన్న పాత ఆయిల్ ఇంజన్‌కు ఇంకో సౌకర్యం ఉంది: సిలిండర్‌లో ఒత్తిడి వదిలే డీకంప్రెషన్ లివర్ ఎత్తి, స్టార్ట్ చేయకుండా పదిపన్నెండు చుట్లు తిప్పితే నీళ్లు పుట్టకుండానే ఆయిల్ కదులుతుంది.

బ్యాటరీ దిగిపోవడానికి దొంగ అక్కర్లేదు

కొత్త ట్రాక్టర్లలో తాళం తీసేసినా గడియారం, మీటరు, కొన్నిటికి జీపీఎస్ ట్రాకర్ కొద్దికొద్దిగా కరెంటు లాగుతూనే ఉంటాయి. అది 25 మిల్లీయాంపియర్లనుకుంటే రోజుకు 0.6 యాంపియర్-అవర్, 150 రోజులకు 90. ట్రాక్టర్ బ్యాటరీ సామర్థ్యం 88 అయితే, అయిదు నెలల్లో అది పూర్తిగా ఖాళీ. సెల్ఫ్ కొట్టని రోజు రాకుండా నెగెటివ్ వైరు విప్పి పెట్టడం సగం పరిష్కారమే, ఎందుకంటే వైరు విప్పినా బ్యాటరీ తనలో తాను దిగుతూ ఉంటుంది. ఆ దిగుడు కూడా 10 డిగ్రీల వేడికి దాదాపు రెట్టింపవుతుంది.

నిండా ఎక్కిన 12 వోల్టుల బ్యాటరీ విశ్రాంతిలో 12.6 వోల్టులకు కాస్త పైన చూపిస్తుంది. 12.4 కిందికి దిగి అలాగే ఉంటే ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి, ఆ తర్వాత ఎంత చార్జింగ్ పెట్టినా పాత శక్తి రాదు. 12.2 అంటే సుమారు సగం అయిపోయినట్టు. చలి దేశాల వీడియోలు బ్యాటరీ గడ్డకడుతుందని భయపెడతాయి, మనకా బాధ లేదు. మన బాధ వేడికి నీళ్లు ఇంకిపోవడం, ప్లేట్లు బయటపడటం. అందుకు డిస్టిల్డ్ వాటరే మందు, బోరు నీళ్లు కాదు.

రేడియేటర్: గడ్డకట్టని చోట కూలెంట్ ఎందుకు

మన దగ్గర నీళ్లు గడ్డకట్టవు కాబట్టి కూలెంట్ దండగ అని చాలామంది అనుకుంటారు. గడ్డకట్టకుండా చూడటం కూలెంట్ చేసే పనుల్లో ఒకటి మాత్రమే. తుప్పును ఆపే మందు కూడా అందులోనే ఉంటుంది, మనకు కావలసింది అదే. అనంతపురం బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువ. టీ కాచే గిన్నెకు పట్టే తెల్లని పొరే రేడియేటర్ గొట్టాలకూ పడుతుంది.

నీళ్లు పూర్తిగా తీసేయాలన్న పక్షం వాదన, నీళ్లు లేకపోతే తుప్పు లేదని. అయితే వంచేశాక కూడా ఇంజన్ లోపలి సందుల్లో తడి మిగులుతుంది. తడీ గాలీ రెండూ తగిలే ఇనుముకు, నీళ్లలో పూర్తిగా మునిగిన ఇనుముకన్నా తొందరగా తుప్పు పడుతుంది. సరైన పాళ్లలో కూలెంట్ కలిపిన మంచినీళ్లు నింపి ఉంచడమే చాలా కంపెనీల పుస్తకాలు చెప్పే దారి, దానికే నా ఓటు. ఒట్టి బోరు నీళ్లతో నడిపిన పాత ఇంజన్‌ను ఏళ్ల తరబడి వదిలేస్తుంటే మాత్రం, తీసేసి బాగా ఆరబెట్టడం అర్థమున్న పనే.

కొత్త ఇంజన్లకు ఓపిక తక్కువ

50 హెచ్‌పీ పైబడిన కొత్త ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి ట్రెమ్-4 ఉద్గార నిబంధనలు వచ్చాయి. వాటితో కామన్ రైల్ ఇంజన్లు, అంటే ఒకే గొట్టంలో ఎక్కువ ఒత్తిడితో డీజిల్ నింపి అన్ని నాజిళ్లకూ అందించేవి, పొలాల్లోకి దిగాయి. పాత నాజిల్ తెరుచుకునేది సుమారు 200 బార్ ఒత్తిడికి. కామన్ రైల్‌లో ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది. లోపలి భాగాల మధ్య సందు మైక్రాన్లలో ఉంటుంది, మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. పాత ఇంజన్ దగ్గుతూనైనా మింగేసే కాస్త తుప్పు, కాస్త నీళ్లు దీన్ని పడుకోబెడతాయి. పాత బండిని అలాగే పెట్టినా ఏం కాలేదన్న అనుభవం కొత్త బండికి వర్తించదు.

కొన్ని పెద్ద యంత్రాల్లో పొగను శుద్ధి చేయడానికి యూరియా ద్రవం పోసే వేరే ట్యాంకు ఉంటుంది. అందులో 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధమైన నీళ్లు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం దాని నిల్వ గడువు 25 డిగ్రీలకు 18 నెలలు, 30 డిగ్రీలకు 12 నెలలు, 35 డిగ్రీలకు 6 నెలలే. అంతకు మించిన వేడిలో ఉంచినదాన్ని పరీక్షించకుండా వాడకూడదు. మన వేసవిలో ఈ ద్రవం డీజిల్‌కన్నా ముందే పాడవుతుందన్నమాట. పొలంలో చల్లే యూరియా నీళ్లలో కలిపి పోస్తే సరిపోతుందనేవాళ్లూ ఉన్నారు. దాంట్లోని మలినాలు శుద్ధి యంత్రాన్ని శాశ్వతంగా చెడగొడతాయి.

ఎలుకలు, ఎండ, మిగతావి

బుడ్డల మిషన్ జల్లెడల్లో మిగిలిన నాలుగు గింజలు చాలు, ఎలుకలు వస్తాయి. గింజ అయ్యాక వైర్ల మీద పడతాయి, ఎయిర్ ఫిల్టర్ గొట్టంలో గూడు పెడతాయి. వాటి వెనకే పాములు. కొట్టంలో యంత్రం దగ్గర చెయ్యి పెట్టేముందు కర్రతో తట్టి చూసే అలవాటు ఊరికే రాలేదు.

నిలువు సైలెన్సర్ మీద బోర్లించిన పాత డబ్బా ఎన్నో ఊళ్లలో కనిపిస్తుంది. దానికి ఏ కంపెనీ పుస్తకం అక్కర్లేదు, వాన నీళ్లు సైలెన్సర్లోంచి సిలిండర్ దాకా దిగకుండా అది బాగా ఆపుతుంది. ఒక్కటే లోటు, ఇంజన్ ఇంకా వేడిగా ఉండగానే బోర్లిస్తే లోపలి తడి బయటికి పోదు. చల్లారాక పెడితే చాలు.

టైర్లకు ఎండే శత్రువు. గాలి తగ్గి ఒకేచోట నిలబడిన టైరు పక్కలు పగులుతాయి. క్లచ్ పెడల్‌ను నొక్కి ఉంచి కట్టె అడ్డం పెట్టడం, లిఫ్ట్ చేతులను కిందికి దించేయడం, బెల్టులు వదులు చేయడం ఒకే ఆలోచనకు రూపాలు: ఏదీ నెలల తరబడి ఒత్తిడిలో ఉండకూడదు, ఒకదానికొకటి అంటుకోకూడదు.

మెకానిక్కుల్లో కూడా ఏకాభిప్రాయం లేనిది సిలిండర్‌లో ఆయిల్ పోయడం. ఏడాదికి పైగా ఆగే ఇంజన్‌లో రింగులు తుప్పు పట్టకుండా కొన్ని చుక్కల ఆయిల్ వేసి చేత్తో తిప్పడం పాత పద్ధతి, ఆయిల్ ఇంజన్లకు బాగా పనిచేస్తుంది. కానీ డీజిల్ ఇంజన్ స్పార్క్ లేకుండా ఒత్తిడి వేడికే మండిస్తుంది, దానికి ఆయిల్ కూడా ఇంధనమే. ఎక్కువ పోస్తే స్టార్ట్ అయిన క్షణంలో అదుపు తప్పి రేస్ అయిపోవచ్చు, లేదా పిస్టన్ పైన ద్రవం నిండి కనెక్టింగ్ రాడ్ వంగవచ్చు. నాలుగైదు నెలల విరామానికి ఈ సాహసం అవసరం కనిపించదు.

మళ్లీ లేపే రోజు

నెలలు ఆగిన ఇంజన్‌లో ఆయిలంతా అడుగు చాంబర్‌కు దిగిపోయి, బేరింగుల మీద పలచని పూతే మిగులుతుంది. సెల్ఫ్ కొట్టగానే ఇంజన్ అందుకుంటే, ఆయిల్ పైకి చేరే ఆ మొదటి కొన్ని సెకన్లలో లోహం మీద లోహం రాసుకుంటుంది. అనుభవమున్న డ్రైవర్లు స్టాప్ నాబ్ లాగిపట్టి, డీజిల్ అందకుండా, సెల్ఫ్‌తో కొద్దికొద్దిగా తిప్పేది ఇందుకే. ఆయిల్ ప్రెజర్ దీపం ఆరాకే నాబ్ వదులుతారు. స్టాప్ నాబ్ లేని కామన్ రైల్ బళ్లకు ఈ పని ఎలా చేయాలో కంపెనీ పుస్తకంలో ఉంటుంది, ఒక్కో మోడల్‌కు ఒక్కో తీరు.

డీజిల్ ఫిల్టర్ మార్చి ఉంటే లైన్‌లో గాలి చేరుతుంది. ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి చేతి పంపు కొడుతుంటే మొదట బుడగలతో నురగగా వస్తుంది, తర్వాత బుడగ లేని డీజిల్ వస్తుంది. బుడగలుండగానే సెల్ఫ్ మీద సెల్ఫ్ కొట్టడం వల్ల కాలిపోయిన స్టార్టర్ మోటార్లను జూన్ మొదటి వానకు ఎలక్ట్రీషియన్ల దుకాణాల ముందు చూడవచ్చు. ఒకసారి కొట్టాక పది పదిహేను సెకన్లకు మించకుండా ఆపి, ఒకటి రెండు నిమిషాలు చల్లారనిచ్చి మళ్లీ కొడితే ఆ మోటారు మిగులుతుంది. ఇంజన్ అందుకున్నాక వెంటనే మడక తగిలించకుండా కొద్దిసేపు తక్కువ వేగంలో నడిపి, కింద ఎక్కడైనా కారుతోందా అని ఒకసారి వంగి చూస్తే, ఎండిన రబ్బరు సీళ్లు ఏవైనా ఉంటే అప్పుడే బయటపడతాయి.